తొట్ల గదిలో దీపం

గాజు గొట్టం నడుము మంట మీద మెత్తబడగానే పెరినా రెండు చేతులూ చెరోవైపుకి లాగింది. గొట్టం సన్నబడి దారమై, దారం వెంట్రుకై, చప్పుడు లేకుండా తెగింది. తెగిన కొసను కిటికీ వైపు తిప్పి చూసి, నచ్చక పక్కనున్న రేకు డబ్బాలో పడేసింది. మూడోది కుదిరింది. దాని మొనలో రంధ్రం ఉందో లేదో కంటికి కనిపించదు. నీళ్ళలో ముంచి వెనక నుంచి మెల్లగా ఊదితే బుడగలు చెబుతాయి. అవి ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా రావాలి. వచ్చాయి. గొట్టాన్ని మైనం ముద్దకి గుచ్చి నిలబెట్టి, మంట ఆర్పి, చేతులు తుడుచుకుంది.

బయట బూరా వీస్తోంది. కొండ మీద నుంచి సముద్రం మీదికి దూకే ఆ చలిగాలి తొమ్మిది రోజులుగా ఆగలేదు. రేవు రాళ్ళ మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. పరిశోధన కేంద్రం కూడా ఒకప్పుడు ఉప్పు గిడ్డంగే. మూరెడు మందం రాతి గోడలు, చిన్న కిటికీలు. వేసవిలో జాగ్రెబ్ పట్నం నుంచి విద్యార్థులు వచ్చి సందడి చేస్తారు. నవంబరులో మిగిలేది ఇద్దరే. జంతువుల కళ్ళ మీద పని చేసే డాక్టర్ వెల్యాక్, ఆయనకి ఆ కళ్ళు తీసి ఇచ్చే పెరినా.

ఆమెకి యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి. నల్ల గౌను, నల్ల తలగుడ్డ, వాటి మీద కేంద్రం వాళ్ళు ఇచ్చిన తెల్ల కోటు. కోటు చేతులు పొడుగు కావడంతో రెండు మడతలు పెట్టుకుంటుంది. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు కొమ్ములా గట్టిపడ్డాయి. అది ఈ పని వల్ల వచ్చింది కాదు. ఏడో ఏట నుంచి సూదితో లేసు అల్లిన చేతులవి. ఈ దీవిలో లేసుకి ముందుగా బొమ్మ గీసుకోరు. తల్లి చేతిని చూసి కూతురు నేర్చుకుంటుంది, అంతే. పదకొండేళ్ళ కిందట ఒక వేసవి మధ్యాహ్నం ఆమె గడపలో కూర్చుని అల్లుతుంటే, కొత్తగా వచ్చిన డాక్టరు ఎదుట అరగంట నిలబడి చూశాడు. తర్వాత, నత్త కన్ను తీయగలరా అని అడిగాడు. "తీసి ఏం చేస్తారు?" అంది. "అది చీకట్లో ఏం మాట్లాడుకుంటుందో వింటాను" అన్నాడు. పాపం, ఎండ దెబ్బ తగిలిందనుకుంది. సోమవారం నుంచి పనిలో చేరింది.

తలుపు కాలితో తన్నిన చప్పుడు. జాలరి బేపో బకెట్టుతో లోపలికి వచ్చాడు. గాలికి అతని కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

"ఇంద, నీ కుందేళ్ళు. నాలుగే. ఈ గాలిలో పడవ తీసిన వెధవని నేనొక్కణ్ణే."

బకెట్టులో గోధుమ రంగు ముద్దలు మెల్లగా కదులుతున్నాయి. చిప్ప లోపలే దాచుకున్న పెద్ద నత్తలవి. తల మీద వెనక జత కొమ్ములు చెవుల్లా నిక్కి ఉంటాయి కాబట్టి జాలర్లు వాటిని సముద్రపు కుందేళ్ళంటారు.

"వలతో పట్టావా, చేత్తోనా?"

"చేత్తో పడతానా? వీటిని ముట్టుకుంటే జుట్టు ఊడుతుందని మా నాన్న చెప్పేవాడు."

"నీకు ఇంకా ఊడాల్సింది ఎక్కడుంది? పెళ్ళినాటికే నీ నెత్తి మీద ఈగ జారేది."

"అది మా అత్తగారి చెయ్యి ముద్దు పెట్టుకున్నందుకు" అని బేపో టోపీ తీసి బోడి తల నిమురుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రేవులో ఈసారి నీ దీపం కనపడలేదే" అన్నాడు.

"ఈ గాలికి నిలుస్తుందా? మొదటిరోజు మూడుసార్లు వెలిగించాను. మూడుసార్లూ ఆర్పేసింది. గ్లాసు కూడా ఎత్తుకుపోబోయింది."

"మరి వెలిగించలేదా?"

"ఎందుకు వెలిగించనూ! లోపల తొట్ల గదిలో పెట్టాను. ఎనిమిది సాయంత్రాలూ పెట్టాను, నిన్నటితో అయింది. అక్కడున్నవీ సముద్రపు నీళ్ళేగా."

"అవును మరి. ఆ నీళ్ళే" అని బేపో టోపీ పెట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఆమె భర్త గాష్పర్ ఎక్కిన పడవ వెనకాలే బేపో పడవ వస్తూ ఉండింది. బేపో పడవ రేవు చేరింది. గాష్పర్ శవం దొరకలేదు. సమాధి ఉన్నవాళ్ళు చనిపోయినవాళ్ళ పండగకి సమాధి మీద దీపం పెడతారు. లేనివాళ్ళు నీటి ఒడ్డున పెడతారు, ఎనిమిది సాయంత్రాలు, చర్చి ఆరు గంటలు కొట్టగానే. పెరినా అత్తగారు అలా చేసేది, ఇప్పుడు ఈమె చేస్తోంది. గ్లాసులో నీళ్ళు, నీళ్ళ మీద ఆలివ్ నూనె, నూనె మీద బెరడు బిళ్ళకి గుచ్చిన వత్తి. గంటసేపు వెలిగి, నూనె అయిపోగానే అదే కొండెక్కుతుంది.

బేపో వెళ్ళాక ఆమె ఎర్ర దీపం గదిలోకి వెళ్ళింది. ఎరుపు ఈ జంతువుల కంటికి దాదాపు ఆనదట. తొట్ల గదిలో చీకట్లో ఉంచిన పన్నెండింటిలో ఒకదాన్ని డాక్టరు అప్పటికే తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒంట్లోకి మందు నీళ్ళు ఎక్కించగానే అది తడి గుడ్డలా వాలిపోయింది. చెవుల్లాంటి కొమ్ముల ముందు, చర్మంలో సగం మునిగి, గసగసాల గింజంత నల్లటి చుక్క. అదే కన్ను. ఆ కంటికి బొమ్మలు కనిపించవని, వెలుతురు వచ్చిందీ పోయిందీ మాత్రం తెలుస్తుందని డాక్టరు చెప్పాడు. పెరినా చర్మాన్ని సన్న కత్తెరతో గుండ్రంగా తెరిచి, పట్టకారుతో కంటిని ఎత్తి, దాని వెనక వేలాడే నరాన్ని లాగకుండా, తెంపకుండా బయటికి తీసుకొచ్చింది. ఈ పని చేసేటప్పుడు ఆమె ఊపిరి బిగపట్టదు. లేసు అల్లేటప్పుడూ అంతే. ఊపిరి బిగపడితే చెయ్యి వణుకుతుంది. మెల్లగా వదులుతూ చెయ్యాలి.

కంటిని చల్లటి సముద్రపు నీళ్ళున్న గాజు గిన్నెలో పెట్టి, నరం కొసను తను లాగిన గొట్టం మొనలోకి పీల్పించింది. డాక్టరు మీట నొక్కాడు. గిన్నె మీద ఒక్క క్షణం తెల్లటి వెలుగు మెరిసింది. పక్క గదిలో యంత్రం కలం చివుక్కున ఎగిరి కాగితం మీద గీత గీసి, వణుకుతూ కిందికి దిగింది.

"బతికే ఉంది" అన్నాడు డాక్టరు. ప్రతిసారీ అదే మాట అంటాడు.

గిన్నెని నల్ల పెట్టెలో పెట్టి మూత వేశారు. ఇక మూడు రోజులు దానికి వెలుతురు సోకదు. అయినా అది ఊరుకోదు. జంతువు నుంచి విడిపోయి, కటిక చీకట్లో ఉండి కూడా, తెల్లవారే వేళకి ఆ కన్ను తనంతట తను మేలుకుని నరం గుండా సంకేతాలు పంపుతుంది. బయట సూర్యుడు వచ్చిన సంగతి దానికి ఎవరూ చెప్పరు. తను మొదటిసారి ఆ గీతలు చూసినప్పుడు పెరినా సిలువ గుర్తు వేసుకుంది.

పదిన్నరకి ఇద్దరూ పొడుగు బల్ల దగ్గర ఫలహారానికి కూర్చున్నారు. రొట్టె, ఉప్పు చేపలు, గొర్రె జున్ను. డాక్టరు తినడం లేదు. మొన్న తీసిన మొదటి కంటి కాగితం చుట్ట విప్పి బల్ల పొడుగునా పరిచాడు. అంచున పెన్సిలుతో గంటలు వేసి ఉన్నాయి.

"ఇటు రండి పెరినా గారూ. ఏం కనపడుతోందో చెప్పండి."

"నాకేం తెలుస్తుంది డాక్టరు గారూ."

"పదకొండేళ్ళుగా చూస్తున్నారు. నాకన్నా ఎక్కువే తెలుసు మీకు. చూడండి."

ఆమె చేతులు తుడుచుకుని వంగింది. తెల్లవారుజామున ఆరు దగ్గర గీత నిద్రపోతున్నట్టు చదునుగా ఉంది. మధ్యాహ్నం కూడా చదునే. సాయంత్రం ఆరుకి కాస్త ముందు గీతలు మొదలై, ఒత్తుగా, గడ్డిలా లేచాయి. మర్నాడు మళ్ళీ సాయంత్రం ఆరుకి ముందు.

"తలకిందులైంది" అన్నాడు డాక్టరు. ఆయన బుగ్గలు ఎర్రబడ్డాయి. నలభై నాలుగేళ్ళ మనిషి, అప్పుడు కుర్రాడిలా ఉన్నాడు. "ఎక్కువ రోజులు చీకట్లో ఉంచితే కన్ను తన పగటిని సాయంత్రానికి జరుపుకుంటోంది. అదీ గంట కొట్టినట్టు. ఎవరూ రాయలేదిది. ఏడేళ్ళుగా ఎవరో చెప్పిందే నేనూ చెబుతూ వచ్చాను. వచ్చే నెల జాగ్రెబ్‌లో పెద్దలు కూర్చుని ఈ కేంద్రం ఉంచాలా మూయాలా తేలుస్తారు. ఈ ఒక్క కాగితం చాలు. ఉత్తరం రాశాను. మూడింటి ఓడకి పంపేస్తాను."

"రెండో కన్ను ఏం చెబుతుందో చూడకుండానే?"

"అదీ ఇదే చెబుతుంది, చూస్తూ ఉండండి. ఇవాళ మీ చేపలన్నీ మీరే తింటారా, నాకూ రెండు పెడతారా?"

ఆమె నాలుగు పెట్టింది. ఆయన నవ్వుతూ తిన్నాడు. ఆమె తన రొట్టె ముక్కని జేబు గుడ్డలో చుట్టుకుంది.

ఫలహారం తర్వాత తొట్లలో నీళ్ళు మార్చడం ఆమె పని. చీకట్లో చేత్తో తడుముకుంటూ మారుస్తుంది. ఏ కుళాయి ఎక్కడుందో, ఏ మెట్టు పగిలిందో వేళ్ళకీ కాళ్ళకీ తెలుసు. ఇవాళ ఆమె నీళ్ళు తిప్పి, గూటి పక్కన గోడకి ఆనుకుని నిలబడిపోయింది. దీపం పెట్టింది ఈ గూట్లోనే. నాలుగో సాయంత్రం జరిగింది గుర్తుకొచ్చింది. ఆమె అగ్గిపుల్ల గీయగానే, పన్నెండు జంతువులూ తొట్టి అద్దం మీదికి ఎక్కి ఉండటం కనిపించింది. దీపం వెలిగాక ఎక్కలేదు. వెలగకముందే ఎక్కి ఉన్నాయి, గూటి వైపు అద్దానికే. గాష్పర్ దీపం కోసం ఇవి కూడా ఎదురుచూస్తున్నాయి కాబోలు అనుకుని, ఆ రాత్రి ఆమె ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయింది.

నిజమే, ఎదురుచూశాయి. కన్ను బయటికి తీసి పెట్టినా ఎదురుచూస్తూనే ఉంది.

తలుపు మీద డాక్టరు చేతిరాతతో అట్ట ఉంది: ఏ కారణం చేతనైనా లైటు వేయరాదు. లోపలికి వచ్చిన ప్రతిసారీ ఆమె ఆ అట్టని దాటుకునే వచ్చింది. మీట మీద చెయ్యి వేయలేదు. లైటంటే మీట, తీగ, గోళం. దీపం అలాంటిది కాదు. దాన్ని లైటుతో కలిపి ఆలోచించడం ఆమెకి తోచనే లేదు. తోచకపోవడానికి కారణమేమిటో కూడా ఆమె వెతుక్కోలేదు. గోడ చల్లగా ఉంది. పైన గొట్టాల్లో నీళ్ళు కారుతున్నాయి.

చెప్పకపోతే ఏమవుతుంది? రెండో కన్నూ అదే గీత గీస్తుంది. పెద్దలు మెచ్చుకుంటారు. కేంద్రం ఉంటుంది, ఆమె పనీ ఉంటుంది. డాక్టరు ఇంకా కొన్నేళ్ళు అలాగే, రొట్టె నముల్తూ నవ్వుతాడు. చెబితే ఇవన్నీ పోవచ్చు. పైగా ప్రభుత్వ కార్యాలయంలో దీపం పెట్టి దండం పెట్టుకున్న మనిషి గురించి పట్నంలో ఎవరైనా అడిగితే, ఆయన ఏం జవాబు చెప్పాలి?

రెండున్నరకి ఆమె డాక్టరు గది గుమ్మంలో నిలబడింది. ఆయన కోటు తొడుక్కుని, ఉత్తరాన్ని లోపలి జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఆ ఉత్తరం పంపకండి డాక్టరు గారూ."

"ఏం? తపాలా బిళ్ళ తక్కువైందా?"

"తొట్ల గదిలో నేను దీపం పెట్టాను. పండగ నాటి నుంచి, రోజూ ఆరింటికి. గంటసేపు."

ఆయనకి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కోటు బొత్తాల మీద చెయ్యి ఆగిపోయింది.

"పన్నెండు జంతువుల్ని పక్షం రోజులు చీకట్లో ఉంచాం" అన్నాడు, చాలా నెమ్మదిగా. "కిటికీకి చెక్కలు కొట్టించాను. తాళం కన్నంలో దూది కుక్కాను. అప్పుడు దూది ఇచ్చింది మీరే."

"నేనే."

"మరి?"

"లైటు వెయ్యొద్దన్నారు. నేను వెయ్యలేదు. అది గాష్పర్ దీపం. బయట గాలికి నిలవలేదు."

"ఆయన సమాధి ఉంటుంది కదా పెరినా గారూ. అక్కడ పెట్టుకోకపోయారా?"

"సమాధి లేదు. దొరకలేదు."

పదకొండేళ్ళుగా ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఆయన ఎన్నడూ అడగలేదు, ఆమె చెప్పనూలేదు. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"ఇప్పుడెందుకు చెప్పారు? ఎవరికీ తెలిసేది కాదు. నాక్కూడా."

"లేసులో తప్పు కుట్టు పడితే దాని మీద ఇంకో కుట్టు వేసి కప్పెయ్యొచ్చు. కొన్నవాళ్ళకి కనపడదు. ఉతికిననాడు మాత్రం అక్కడే చిరుగుతుంది. అల్లినదాన్ని నేనైతే, చిరిగేది మీ పేరు మీద."

ఆయన బయటికి వెళ్ళాడు. గాలికి తలుపు దానంతటదే మూసుకుంది. పెరినా కుర్చీలో కూర్చోకుండా అలాగే నిలబడింది. కిటికీలోంచి రేవు చివర ఆయన కనిపిస్తున్నాడు, కోటు అంచులు ఎగురుతూ. ఓడ వచ్చింది. బస్తాలు దింపారు. ఓడ కూత పెట్టి వెళ్ళిపోయింది. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

తిరిగి వచ్చేసరికి ఆయన చెవులు నీలం రంగుకి తిరిగాయి. ఉత్తరం తీసి సొరుగులో వేశాడు. నోటు పుస్తకం తెరిచి, చేతుల మీద ఊదుకుని, పెన్సిలు పట్టుకున్నాడు.

"దీపానికీ తొట్టికీ మధ్య ఎంత దూరం?"

"ఏమిటండీ?"

"ఎంత దూరం? వత్తి ఎంత పొడుగు? ఎప్పుడూ ఒకేలా వెలిగిందా?"

ఆమె రెండు చేతులూ చాపి దూరం చూపించింది. బొటనవేలి మీద గోటితో వత్తి పొడుగు చూపించింది. ఆయన రాసుకున్నాడు.

"అంత చిన్న వెలుగు" అన్నాడు తనలో తను. "అంత చిన్నదానికి ఆరు రోజుల్లో పగటినే జరిపేసుకుంది." తలెత్తాడు. "బేపో ఇవాళ తెచ్చినవి ఉన్నాయి. ఇంకో ఎనిమిది తెమ్మనండి. మళ్ళీ మొదట్నుంచి చీకట్లో పెడదాం. ఆ తర్వాత మీరు ఎనిమిది సాయంత్రాలు దీపం పెట్టాలి. అదే గూట్లో, అదే నూనె. ఈసారి వెలిగిన వేళ, ఆరిన వేళ రాయాలి."

"పండగ అయిపోయింది కదండీ."

"నాకు పండగతో పని లేదు."

"లెక్క కోసం వెలిగిస్తే అది ఆయనకి చేరుతుందంటారా?"

"అది నాకు తెలీదు పెరినా గారూ. ఆరింటికి వెలగడం వరకే నాకు తెలుసు."

ఆమె కోటు చేతుల మడతలు సరిచేసుకుంది. "సరే కానివ్వండి. మా ఆయనకేం అభ్యంతరం ఉండదు. బతికున్నప్పుడూ అంతే, ఎవరు ఏ పని చెప్పినా కాదనేవాడు కాదు."

డాక్టరు నవ్వబోయి మానుకున్నాడు. పొద్దున్న గుడ్డలో చుట్టుకున్న రొట్టె అప్పుడు తీసి, ఆమె నిలబడే తింది.

పది రోజులకి బూరా తగ్గింది. పన్నెండు కొత్త జంతువులు పక్షం రోజులు చీకట్లో ఉన్నాయి. డిసెంబరు మొదటి వారంలో పెరినా కొత్త అగ్గిపెట్టె ఒకటి కొని, తడి తగలకుండా గూటి పైఅరలో పెట్టుకుంది. చర్చి ఆరు కొట్టగానే వెలిగించేది. వెలిగిన వేళ, ఆరిన వేళ నోటు పుస్తకంలో వేసేది. అంకెలు గుండ్రంగా, బడిపిల్లలు రాసినట్టు ఉండేవి. డాక్టరు గదిలోకి వచ్చేవాడు కాదు. తలుపు బయట నిలబడి, ఆమె లోపల గొణుక్కోవడం ఆగాక వెళ్ళిపోయేవాడు. అలా ఐదు సాయంత్రాలు గడిచాయి.

ఆరోరోజు పొద్దున ఆమె పనికి రాలేదు. తొమ్మిది దాటాక బేపో వచ్చాడు. బకెట్టు లేదు. టోపీ చేతిలో ఉంది.

"నిద్రలోనే, డాక్టరు గారూ" అన్నాడు. "పొయ్యి కూడా రాజెయ్యలేదు. మా ఆవిడ వెళ్ళి చూసింది."

డాక్టరు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ కాచి ఇచ్చాడు. కాఫీ పొంగి సగం పొయ్యిలో పోయింది.

ఆ సాయంత్రం ఆయన తొట్ల గదిలోకి ఒక్కడే వెళ్ళాడు. ఆయనకి పొగ తాగే అలవాటు లేదు. చీకట్లో పైఅర తడిమి అగ్గిపెట్టె దొరకబుచ్చుకున్నాడు. రెండు పుల్లలు విరిగాయి. మూడోది అంటుకుంది. జంతువులు అద్దం మీద ఉన్నాయి, గూటి వైపు. ఆయన వేళ రాశాడు. రాశాక వెళ్ళిపోకుండా నూనె అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. ఏడో సాయంత్రమూ, ఎనిమిదో సాయంత్రమూ అంతే. తర్వాత కళ్ళు ఆయనే తీయాల్సి వచ్చింది. మొదటి మూడూ నరం తెగి పాడయ్యాయి. నాలుగోది నిలిచింది. పెట్టెలో మూతపెట్టిన మూడు రోజులూ సాయంత్రం ఆరుకి కాస్త ముందే కలం లేచింది.

అగ్గిపెట్టె ఆ గూట్లోనే ఉండిపోయింది. దాని పక్కవైపు, పుల్ల గీసే నల్ల పట్టీ మీద, ఒక మూల ఐదు చిన్న గీతలు, సూదిపోట్లంత దగ్గర దగ్గరగా. వాటికి అడ్డంగా, పట్టీ ఆ కొస నుంచి ఈ కొస దాకా, వంకరటింకరగా గీసిన పొడుగు గీతలు.